చప్పుడు లేని బుధవారాలు

నేను చెప్పింది చెప్పినట్టే రాయకు బిడ్డా, పుస్తకాల్లో ఎట్లా ఉంటుందో అట్లా సరిచేసి రాయి. కానీ ఎవరైనా నాతో మాట్లాడింది మాత్రం మార్చకు, వాళ్ళ మాట వాళ్ళ నోట్లో ఉన్నట్టే ఉండనీ. పేర్లు మాత్రం వద్దు. పేరు పెడితే రేపు ఎవరో ఒకరు గద్వాల అంతా అడుగుకుంటూ మన గడపకు వచ్చి మా గురించి ఏం రాయించావని కూర్చుంటారు. వాళ్ళకు మళ్ళీ నేనే చాయ్ పెట్టాలి.

నీ చిన్నమ్మ సంగతి చెబుతాను. సెలవులకు వచ్చినప్పుడు ఆమె నీ వైపు చూడదని, నువ్వంటే ఇష్టం లేదేమోనని చిన్నప్పుడు ఏడ్చేదానివి. ఆమె నా వైపు కూడా చూడదు. మీ అమ్మ పుట్టిన పన్నెండేళ్ళకు పుట్టింది. ఇప్పుడు ఇరవై నాలుగు. ఆటిజం అనే మాట మాకు తెలిసేనాటికి ఆమెకు పదేళ్ళు నిండాయి. మాటలు నాలుగైదు వచ్చు. నీళ్ళు అంటుంది, వద్దు అంటుంది, కండె అంటుంది. పొద్దున లేచి మీ తాత మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చుని నూలు కండెలు చుడుతుంది. ఎంత బాగా చుడుతుందంటే, మన వీధిలో ఇంకెవరి కండెలూ మీ తాతకు పనికిరావు. అమ్మా అని మాత్రం ఎప్పుడూ అనలేదు. అది అలవాటైపోయింది. అలవాటు కానిది ఇంకొకటి ఉంది, దానికోసమే ఇదంతా.

మూడేళ్ళ కింద మా ఆడబిడ్డ మనవరాలి పెళ్ళికి ఆమెను తీసుకుపోయాను. ఫంక్షన్ హాల్లో డీజే పెట్టారు. నేల అదిరింది. నీ చిన్నమ్మ చెవులు మూసుకుని బంతి బల్లల కిందికి దూరింది. వడ్డించే అతని కాళ్ళకు అడ్డం పడింది. సాంబారు బకెట్ మొత్తం పెళ్ళికొడుకు మేనమామ తెల్ల బట్టల మీద పడింది. ఇప్పుడు తలుచుకుంటే ఆయన ముఖానికి నవ్వొస్తుంది కానీ, ఆ రోజు నేను ఆమెను పట్టుకుని వెనక గేటు నుంచి బయటికి ఎట్లా వచ్చానో నాకే తెలుసు. ఆ తర్వాత ఆమె మన గడప దాటలేదు. గేటు దాకా తీసుకుపోతే వద్దు అని నేల మీద కూర్చునేది.

ఆమె దాటలేదు, ఎవరూ పిలవలేదు కూడా. పత్రికలో సకుటుంబ సపరివార సమేతంగా అని బంగారు అక్షరాలు ఉంటాయి. నా నుదుట బొట్టు పెడుతూ మాత్రం, "నువ్వొక్కదానివైన వచ్చి పో వదినా" అంటారు. నీ చిన్నమ్మ అక్కడే కండెలు చుడుతూ ఉంటుంది. ఆమెకు బొట్టు పెట్టరు. మనిషి ఉన్న ఇంటికి వచ్చి, మనిషి లేనట్టు లేచిపోతారు. నేనూ మర్యాదగా తల ఊపి గేటు దాకా సాగనంపి వస్తాను.

నాకు పెద్ద ఆశలు లేవు. పెళ్ళి చేయాలని లేదు, ఉద్యోగం చేయించాలని లేదు. ఈ ఇంటి బయట ఒక చోట, ఆమె పక్కన నేను కాక ఇంకో మనిషి ఒక గంట కూర్చోవాలి. అంతే.

పాలమూరులో ఇట్లాంటి పిల్లలను చూసే ఒక డాక్టరమ్మ ఉందంటే పోయాను. మొదటిసారి నీ చిన్నమ్మను తీసుకుపోలేను కదా, నేనే పోయి సంగతి చెప్పాను. ఆ దవాఖానలో బెంచీ మీద నా పక్కన నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. బుర్ఖా వేసుకుని ఉంది. నాకంటే చిన్నది, చెల్లె అని పిలవడం మొదలుపెట్టాను. పక్కన ఇరవై ఏళ్ళ కొడుకు, ఆరడుగులు ఉంటాడు, తల్లి చున్నీ రెండు చెవులకు చుట్టుకుని ఉన్నాడు. వాడు నన్ను చూసి "బిజినేపల్లి" అన్నాడు. మా ఊరు గద్వాల నాయనా అన్నాను. మళ్ళీ బిజినేపల్లి అన్నాడు.

"సలాం చెప్తుండక్కా," అంది చెల్లె. "మేం వనపర్తి పోయే బస్సెక్కితే ఫస్టు గదే బోర్డు గనవడ్తది. అప్పటికెల్లి ఎవరు నచ్చినా బిజినేపల్లే. నచ్చకుంటే నోరే తెరవడు."

సరే, నచ్చాను. డాక్టరమ్మ ఒక కాగితం ముందేసుకుని నన్ను చాలా అడిగింది. ఏం తింటుంది, ఏ బట్ట వేసుకుంటుంది, ఏ వాసన పడదు. ఇంట్లో చప్పుడు ఎట్లా ఉంటుందని కూడా అడిగింది.

"మా ఇంట్ల ఏం చప్పుడుంటది మేడమ్," అన్నాను. "టీవీ గూడ వెట్టం."

ఆమె రాసుకుంది. మీ పాపకు నిశ్శబ్దం అలవాటు, చప్పుడు లేని చోటికే మెల్లగా తీసుకుపోండి అంది. మనుషులు తక్కువ ఉండాలి, ముందే ఆ చోటు ఫొటోలు చూపించాలి, వెళ్ళేది ఎప్పుడు, తిరిగి వచ్చేది ఎప్పుడు ఆమెకు తెలియాలి. ఇట్లాంటి పిల్లలున్న ఇంకో రెండు కుటుంబాలు కలిస్తే ఇంకా మంచిది అంది. చెల్లెతో చెప్పాను. చెల్లె తనకు తెలిసిన వనపర్తి సారుతో చెప్పింది. ఆయన బడిలో చెప్పి రిటైరైన మనిషి, పదిహేడేళ్ళ మనవరాలు ఉంది. తల్లీతండ్రీ పనుల్లో ఉంటారు, పిల్లను చూసుకునేది ఈయనే.

మూడు ఊళ్ళకూ మధ్యలో ఏముంది? నది ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉన్న బీచుపల్లి ఉంది. వాళ్ళు పెబ్బేరు మీదుగా వంతెన దాటి వస్తారు, మేం ఎర్రవల్లి చౌరస్తా మీదుగా పోతాం. ముందు నేను ఒక్కదాన్నే బస్సులో పోయి చూసి వచ్చాను. గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే అతను ఏం మొక్కు పెద్దమ్మా అని అడిగాడు. మనుషులు లేని రోజు ఏదో చెప్పు నాయనా అన్నాను. ఆంజనేయస్వామి దగ్గరికి వచ్చి మనుషులు లేని రోజు అడిగినదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

"మంగళారం, శనారం రాకు, కాలు వెట్ట జాగుండది," అన్నాడు. "బుధారం పొద్దుగాల రా. నేను గూడ ఈగలు కొట్టుకుంట కూసుంట."

తర్వాత నది మెట్ల మీద రెండు గంటలు కళ్ళు మూసుకుని విన్నాను. హైవే వంతెన దగ్గర లారీల మోత ఉంది. అక్కడి నుంచి దూరం పోయి, మోత వినిపించని చోట నీడ చూసి, ఇదే అనుకున్నాను. ఆటో, రోడ్డు, వంతెన, మెట్లు, నీళ్ళు, మళ్ళీ మన ఇల్లు, ఇట్లా వరసగా ఫొటోలు తీయించి చాప ఎదురుగా గోడకు అంటించాను. నీ చిన్నమ్మ నెల రోజులు వాటిని చూసింది. ఒక పొద్దున తనే లేచి ఇంటి ఫొటో మీద వేలు పెట్టి గేటు దాకా నడిచింది. తిరిగి వస్తామని నమ్మిందన్నమాట.

నెలకొక బుధవారం కలుద్దామనుకున్నాం. వనపర్తి సారు నిబంధనలు రాశాడు. ఫోన్లు మోగకూడదు. సెంటు, అగరుబత్తి వద్దు. చప్పట్లు కొట్టకూడదు. ఎవరి పిల్లనూ నమస్తే పెట్టు, పేరు చెప్పు అని సతాయించకూడదు. మన వీధి ఆటో అతనికి కూడా చదివి వినిపించాను, హారన్ కొట్టకు, పాటలు పెట్టకు అని. హారన్ కొట్టకుంటే బర్రెలు జరుగుతాయా అవ్వా అన్నాడు. దిగి చేత్తో జరుపు అన్నాను. నిజంగానే రెండుసార్లు దిగి జరిపాడు.

ఆ మొదటి బుధవారం అన్నీ అనుకున్నట్టే జరిగాయి, ఒక్కటి తప్ప. సారు మనవరాలు నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చుంది. చెల్లె కొడుకు పరాయివాళ్ళ ముందు ముద్ద నోట్లో పెట్టడం వాళ్ళమ్మ అంతకుముందు చూడలేదట, ఆ రోజు నేను చేసిన పులిహోర తిన్నాడు. చెల్లె బుర్ఖా కొసతో కళ్ళు తుడుచుకుంది. నీ చిన్నమ్మ ఒక పావుగంట బాగానే ఉంది. తర్వాత తల అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది, ఏదో పోగొట్టుకున్నట్టు. అరచేత్తో గుండె మీద కొట్టుకుంది. మణికట్టు కొరుక్కుంది. ఆపైన కేక. చెల్లె కొడుకు పళ్ళెం వదిలేసి చెవులు మూసుకున్నాడు. నేను ఆమెను లాక్కుని ఆటోలో పడ్డాను. ఆటో స్టార్టు కాగానే ఆమె ఊరుకుంది. ఇంటికి పోతున్నామని ఊరుకుంది అనుకున్నాను.

రెండో నెల ఎండ వల్ల అనుకుని పొద్దున్నే పోయాం. అదే పావుగంట, అదే కేక. మూడో నెల ఆమెను తీసుకుపోలేదు. చెల్లె ఫోన్ చేసింది, నువ్వు రాకుంటే సారు ఒక్కడితో నేనేం మాట్లాడను అక్కా, పిల్లలు నీ చోటుకు అలవాటు పడ్డారు అని. అందుకని పోయాను, ఒక్కదాన్నే, పులిహోర డబ్బాతో.

అట్లా నాలుగు నెలలు పోయాను బిడ్డా. నేను వెదికిన చోటు, నేను పెట్టిన రోజు, నా పులిహోర. అందరి పిల్లలూ ఉన్నారు, నా బిడ్డ లేదు. పాప ఏది అని మొదటిసారి అడిగినప్పుడు జ్వరం అన్నాను. రెండోసారీ జ్వరమే అన్నాను. మూడోసారి వాళ్ళు అడగలేదు. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉండింది. సారుకు మాత్రం నోరు ఊరుకోదు. మీరు పెట్టిన మీటింగుకు మీ ఇంట్లోవాళ్ళే ఎగ్గొడితే ఎట్లా అన్నాడు, నవ్వుతూనే. నేనూ నవ్వాను. సారు మనవరాలు నా కొంగు పట్టుకుని నీళ్ళ దగ్గరికి లాక్కుపోయేది. ఆ పిల్ల చెయ్యి మెత్తగా ఉండేది. నాకు సంతోషం కలగాలి కదా, కలిగేది కాదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా పక్క ఖాళీ సీటు మీద డబ్బా పెట్టుకునేదాన్ని, దొర్లిపోకుండా చెయ్యి వేసి.

ఇంటికి వస్తే వీళ్ళిద్దరూ నేను పోయినప్పుడు ఎట్లా ఉన్నారో అట్లాగే ఉండేవాళ్ళు, మీ తాత గుంటలో, ఆమె చాప మీద. వచ్చావా అని ఒకరూ తల ఎత్తరు.

చలికాలంలో మన వీధిలో ఒక పెద్దాయన పోయాడు. మన నేతగాళ్ళలో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఆ వీధిలో ఏ మగ్గమూ నేయకూడదు, నీకు తెలుసో లేదో. ఆ రోజు పొద్దుటి నుంచి అన్నీ ఆగాయి. దూరపు చుట్టాలు రావాలని శవాన్ని మధ్యాహ్నం దాకా ఉంచారు. నేను ఆ ఇంటికి పోయి పలకరించి వచ్చేసరికి నీ చిన్నమ్మ గుండె మీద కొట్టుకుంటోంది. మణికట్టు మీద పంటి గాట్లు. కండెలన్నీ విసిరేసి ఉన్నాయి. అచ్చం నది దగ్గర చేసినట్టే.

"గిదేంది, గిది బీచుపల్లి గాదు గద, ఇల్లే గద," అన్నాను మీ తాతతో. "ఇంట్ల గూడ షురువైందా?"

"మగ్గం ఆగింది గదనే," అన్నాడాయన. "పొద్దుగాలకెల్లి చప్పుడు లేదు. పరేషానైతుంది."

"మనింట్ల చప్పుడెక్కడిది?"

ఆయన నా ముఖంలోకి చూశాడు, నేను తమాషా చేస్తున్నానేమో అని. "నీకు ఇనొస్తలేదా? నలబై ఏండ్లాయె ఈ ఇంటికొచ్చి. ఇన్నేండ్లు ఏమిన్నవే మరి?"

నాకు నిజంగా వినపడేది కాదు బిడ్డా. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు, అది గుర్తుంది. వినపడడం ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. మగ్గం ఆగలేదు, నేను వినడం ఆగింది. నీ చిన్నమ్మ నా కడుపులో ఉన్నప్పటి నుంచీ ఆ చప్పుడులోనే ఉంది. మా ఇంట్లో ఏ చప్పుడూ ఉండదని నేను డాక్టరమ్మకు చెప్పి, ఆమెతో రాయించి, ఆ కాగితం పట్టుకుని చప్పుడు లేని చోటు కోసం నది గట్టంతా వెదికాను. డాక్టరమ్మ తప్పేముంది?

కట్టుబాటు ఉంది కాబట్టి మీ తాత మగ్గం ముట్టుకోలేడు. బయట వినపడితే వీధి ఏమంటుంది? భుజం మీది తువ్వాలు పిడికిలికి చుట్టుకుని, ఆమె పక్కన కూర్చుని, గుంట అంచు చెక్క మీద మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు. కాళ్ళు ఆడించేటప్పుడు, పోగు జరిపేటప్పుడు వచ్చే అదే లెక్క. ఆమె చెయ్యి కిందికి దిగింది. శవం లేచేదాకా ఆయన కొడుతూనే ఉన్నాడు. నేను కండెలు ఏరాను. ఆ ఇద్దరి మధ్య ఒక మాట నడుస్తోందని, అది ఇన్నాళ్ళూ నా ఇంట్లోనే నడిచిందని అప్పుడు తెలిసింది. నేను లేని మాట.

తర్వాతి బుధవారం చెల్లెకూ సారుకూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. జ్వరం అబద్ధమని కూడా చెప్పాను.

"మీ పాపకేమో చప్పుడు గావాలె, మా పిల్లలకు వద్దు," అన్నాడు సారు. "రూలు మార్చుదామంటే నా మనవరాలు రాదు. మార్చకుంటే మీ పాప రాదు. ఏం చేద్దామమ్మా?"

ఆయన వెటకారంగా అనలేదు. నేనే మానుకుంటాను సారూ, మీరు నడిపించుకోండి అన్నాను. చెల్లెకు కోపం వచ్చింది.

"నువ్వు మానుకునేదేందక్కా. గా బ్రిడ్జి లేదా? లారీలు పోతుంటే దడ్ దడ్ అంటది గద, మగ్గం లెక్కనే. పాపను గాడ కూసోవెట్టు. మేమీడ ఉంటం."

వంతెన చప్పుడు వినపడకూడదనే కదా నేను ఆ చోటు ఏరింది. అయినా వంతెన కిందికి పోయి నిలబడ్డాను. పైన అతుకుల మీద చక్రాలు పడినప్పుడల్లా దడ్ దడ్, కొంచెం ఆగి మళ్ళీ దడ్ దడ్. నేను కావాలని చెవి పెట్టి విన్నాను. చెల్లె అన్నది నిజమే.

కొత్త ఫొటోలు గోడకెక్కాయి. పోయిన నెల నీ చిన్నమ్మ వచ్చింది. వంతెన కింద నీడలో రాయి మీద కూర్చుంది. పావుగంట అయింది, అరగంట అయింది. గుండె మీదికి చెయ్యి పోలేదు. సంచిలోంచి నూలు తీసి కండె చుట్టుకుంది. నేను పక్కన కూర్చోబోతే జరిగింది. ఇంకొంచెం దగ్గరికి పోతే వద్దు అంది. కోపంగా కాదు, నీళ్ళు అన్నట్టే అంది. సరే అని ఇవతలికి వచ్చాను.

మరీ దూరం పోలేను, నది ఉంది కదా. అటు మెట్ల దగ్గరికీ పోలేను. అక్కడి నుంచి ఆమె కనపడదు. మధ్యలో గట్టు మీద ఒక చోట నిలబడితే ఇటు ఆమె, అటు వాళ్ళు కనపడతారు. అక్కడ కొంగు పరుచుకుని కూర్చున్నాను. అటు సారు మనవరాలు నీళ్ళలో నడుస్తోంది. చెల్లె కొడుకు ఎవరికో చెయ్యి ఊపుతున్నాడు. ఇటు నా బిడ్డ, ఆమె పక్కన ఎవరూ లేరు. ఆమెకు అక్కరలేదు కూడా. మూడేళ్ళు నేను వెదికిన ఆ ఇంకో మనిషి ఆమెకోసం కాదేమోనని అప్పుడు అనిపించింది. ఎండ గట్టు మీదికి వచ్చింది. డబ్బా తెరిచి మళ్ళీ మూత పెట్టాను.

ఫోన్ ఒళ్ళో వణికింది. మోగకూడదని రూలు కదా. చూస్తే చెల్లె. తల ఎత్తితే మెట్ల మీద నల్లగా కనపడుతోంది, ఫోన్ చెవికి పెట్టుకుని. రెండు వందల అడుగులు ఉంటుందేమో. కొడుకును వదిలి తను రాలేదు, నేను పోలేను.

"తిన్నవా అక్కా?" అంది మెల్లగా.

"తింటున్న," అన్నాను.

"అబద్ధం. డబ్బ మూత ఈడికి గనవడ్తుంది."

అప్పుడు మూత తీసి ఒక ముద్ద తిన్నాను. ఆమె కూడా తినడం వినపడింది. పాప ఎట్లుందని అడిగితే బాగుందన్నాను. మీ వాడు అంటే నీళ్ళ దగ్గరున్నాడంది. ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు. పెట్టేస్తుందనుకున్నాను, పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. వంతెన మీద లారీ పోయింది.

"చెల్లె, ఫోన్లకెల్లి గీ చప్పుడు మీ వానికి ఇనొస్తదేమో, జర చూడు," అన్నాను.

"చెవికి గట్టిగ వెట్టుకున్న అక్కా," అంది. "నాకొక్కదానికే ఇనొస్తుంది."